దుర్బిణిల మొగిలమ్మ

ఎమర్జెన్సీ పోయిన యేడు, ఎండలు ముదురుతాంటె, స్టేషన్ ఘన్‌పూర్ దిక్కు నుంచి ఒక జీపు వచ్చి మొగిలమ్మోళ్ల ఊరి బయట ఆగింది. అండ్లకెంచి ఒక ఓవర్సీరు దిగిండు. ఆయన వెంబడి మూడు కాళ్ల కట్టె ఒకటి, ఒక చెక్కపెట్టె, ఎర్రగ నల్లగ నంబర్లు రాసిన పొడుగు కర్ర ఒకటి దిగినయి. కాలువ తవ్వుతరట, దానికి ముందు భూమి ఎక్కడ ఎత్తు ఎక్కడ వంపు అని కొలుస్తరట. నీళ్ల మాట ఇంటె ఊరికి పానం లేచొచ్చింది. ఎవలి చేను నడుమ నుంచి పోతదో అన్న ఫికర్ ఎవలికి వాళ్లకు ఉండనె ఉండె. అయితె మొగిలమ్మ కథకు ఆ కాలువతోని పనిలేదు. ఆమె బతుకును నిలువున కోసింది ఆ చెక్కపెట్టెల ఉన్న వస్తువ.

వస్తువంటే మంత్రాల పెట్టె ఏం కాదు. మూరెడు ఇత్తడి గొట్టం. ముందట ఒక అద్దం బిళ్ల, వెనుక కన్ను ఆనించేకాడ ఇంకో చిన్న బిళ్ల. గొట్టం పక్కపొంటి నీళ్లల్ల గాలిబుడగ కదిలే ఒక గాజునళి, ఆ బుడగ నడిమిట్ల ఉన్నదా లేదా అని నిలబడ్డకాన్నుంచె చూసుకోనీకి వాలుగ బిగిచ్చిన బొటనవేలంత అద్దం. ఓవర్సీరు రాజేశ్వర్ రావు దాన్ని లెవల్ అనేటోడు. ఊరోళ్లు దుర్బిణి అన్నరు, అదే నిలిచింది.

నంబర్ల కర్ర పట్టుకొని ఎదురుంగ నిలబడెతందుకు ఓవర్సీరు ఊర్లనె బుచ్చిరాములును కూలికి పెట్టుకున్నడు. ఐదో తరగతి దాక చదివినోడు, నంబర్లు గుర్తుపడతడని. గుర్తుపట్టుడే వచ్చింది తంట. కర్ర మీద నంబర్లన్నీ తలకిందులుగ రాసి ఉన్నయి. ఇదేంది సారూ, కర్ర ఉల్టా పట్టుకున్ననా అని అడిగిండు. ఉల్టా కాదు, దుర్బిణిల అన్నీ తలకిందులుగనె కనపడతయి, అందుకనె నంబర్లను ముందుగాలనె తిప్పి రాస్తరు, అండ్ల చూస్తే సీదగ వస్తయి అని చెప్పిండు ఓవర్సీరు. ఆయన లెక్కకు అది మామూలు ముచ్చట. బుచ్చిరాములును మాత్రం ఆ మాట పురుగు తొలిచినట్టు తొలిచింది.

పగటీలి ఓవర్సీరు తాటిచెట్ల నీడకు పోయి టిఫిన్ డబ్బా విప్పుకున్నడు. బుచ్చిరాములుకు మనసాగలే. కర్ర పక్కకు పడేసి గొట్టానికి కన్ను ఆనించిండు. ఆకాశం కిందున్నది, చేను పైనున్నది. సరిగ్గ అదే యాలకు మొగిలమ్మ నెత్తి మీద బువ్వగంప పెట్టుకొని గట్టు మీదికెంచి మొగని కాడికి పోతాంది. ముప్పై యేండ్ల మనిషి, ఈనెపుల్ల లెక్క నిటారుగ నడుస్తది, గంపకు చెయ్యి ఆనియ్యదు. ఆమె గొట్టంల కాళ్లు పైకి, తల కిందికి వేలాడుకుంట పోతాంది. బుచ్చిరాములు బెదిరి కన్ను తీసిండు. చూస్తే మామూలుగనె నడుస్తాంది. మళ్ల కన్ను పెట్టిండు. మళ్ల అట్లనె.

మాపటీలి కల్లు మండువకాడ ఈ ముచ్చట చెప్పకపోతె ఆయనకు కల్లు దిగుతదా? మొగిలమ్మను తలకిందులుగ చూసిన అన్నడు. యాకయ్య అనేటోడు ముంత కింద పెట్టి, తలకిందులైతె మరి చీర ఎట్లున్నది అని అడిగిండు. చీర చీర లెక్కనె ఉండె. కుచ్చిల్లు కుచ్చిల్ల తీరుగనె ఉండె. బుచ్చిరాములు కండ్లార చూసిండు. ఆ మాట చెప్తె అయిపోతుండె. కని ఉన్నది ఉన్నట్టు చెప్తె ముచ్చటకు రుచి ఏముంటది? ఉట్టిగ నవ్విండు. నవ్వి, ముంత ఎత్తి తాగిండు. ఒక ఆడిదాని కొంప ముంచనీకి ఆ నవ్వు చాలింది. బుచ్చిరాములు చెడ్డోడైతె ఎవ్వలు నమ్మకపోదురు. మంచోడు, నోటికి అదుపు లేనోడు. ఇసొంటోళ్లతోనె కొంపలు మునుగుతయి.

తెల్లారెవరకు ఊరంత ఒకటే తీర్పు. బావిల చేద తలకిందులైతె నీళ్లు నిలబడతయా? గంప తలకిందులైతె వడ్లు ఆగుతయా? మరి మనిషి తలకిందులైతె చీర ఎట్ల ఆగుతది? వాళ్ల లెక్క వాళ్లకు సరిగనె ఉన్నది. ఆడోళ్లు చెలకల దిక్కు పోవుడు బంద్ పెట్టిన్రు. పోక తప్పనోళ్లు చీరను కాళ్ల నడుమకెంచి తీసి గోచి బిగిచ్చుకొని పోయిన్రు. మూడు కాళ్ల కట్టె కనపడితె చాలు, కలుపు తీసేటోళ్లు ఎక్కడోళ్లు అక్కడ్నె చతికిలబడి కుచ్చిల్లు మోకాళ్ల సందున కుక్కుకున్నరు. పక్కింటి సోమక్క బావికి పోనీకి గుట్ట చుట్టు తిరిగి పోయింది, వచ్చేటప్పుడు మళ్ల చుట్టు తిరిగి వచ్చింది. నవ్వొస్తది గదా? నవ్వున్రి. మొగిలమ్మ గూడ మొదట్ల కడుపు పట్టుకొని నవ్వింది.

ఆ నవ్వు మొగడు గట్టయ్య ఇంటికొచ్చెదాక. ఆ దినం ఆయన కాళ్లు గడుక్కోలే, వాకిట్ల మంచం వాల్చి గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. బువ్వ పెడితె ఆకలైతలేదన్నడు. పొద్దుగాల గూడ అదే మాట. మొగిలమ్మ నీళ్లకు పోయొచ్చెవరకు తల్లి బక్కమ్మ చేతి బువ్వ తిని, కంచంల చెయ్యి కడిగి లేచిండు. ఆకలి గాక కాదు, పెండ్లాం చేతిది ముట్టొద్దని. అది మొగిలమ్మ కండ్ల పడ్డది.

గట్టయ్య ఎసొంటి మొగడో చెప్పకపోతె మీకు ఆమె దుఃఖం తెల్వది. తాగి కొట్టేటోడు కాదు. పిల్లలు కాలే, అయినా ఆ మాటతోని ఒక్కనాడు పొడువలే. ఆమెకు టైఫాయిడ్ వస్తె వరంగల్ దవాఖానకు తీస్కపోయి, మంచం కింద చెద్దరేసుకొని కాచుకున్నడు. ఇద్దరు ఒక్క కంచంల తినుడు చూసి ఊరోళ్లు ఎగతాళి చేసేది. ఆసొంటోడు ఇప్పుడు ఆమె చేతి మంచినీళ్లు గూడ ముడుతలేడు. పరాయోడు చేస్తె తిట్టచ్చు, గట్టయ్య చేస్తె ఏం చెయ్యాలె?

మొగిలమ్మ ఊకునే మనిషి కాదు. ఎడ్లకు గడ్డేస్తాంటె పోయి ఎదురుంగ నిలబడ్డది. ఏం తప్పు చేసిన్నో చెప్పమన్నది. గట్టయ్య తల ఎత్తలే. ఊరంత బద్నాం అయింది, మండువకాడ తలకాయ ఎత్తరాకుండ అయింది, ఆ బాటన ఎందుకు పోయినవ్ అన్నడు.

"నేను నడిసింది నా కాళ్ల మీద. తలకిందులైంది వాళ్ల అద్దంల. నన్నెందుకు అంటానవ్?"

గట్టయ్య ఎడ్ల ముందట గడ్డి సదిరిండు. తర్వాత, కొన్నొద్దులు మీ తల్లిగారింటికి పోయి ఉండరాదు అని మెల్లగ అన్నడు. రఘునాథపల్లి అవుతల ఆమె తల్లిగారూరు. ఇసొంటి మాట మీద తల్లిగారింటికి పోయిన ఆడిది మళ్ల మొగనింటి గడప తొక్కుడు ఆ ఊర్ల ఎవ్వలు చూడలే. ఆ సంగతి ఆయనకూ ఎరుకే. మెల్లగ అన్నంత మాత్రాన కత్తి కత్తి గాకపోతదా?

మొగిలమ్మ ఆ రాత్రి మూట కట్టలే. తెల్లారి పోయింది సీద ఓవర్సీరు కాడికి. అప్పటికి ఆయన పని గూడ ఆగి ఉన్నది. తమ చేన్ల దుర్బిణి పెట్టనియ్యం అని మొగోళ్లు కట్టెలు పట్టుకొని నిలబడ్డరు, పాతిన మేకులు పీకి పారేసిన్రు. ఎందుకో ఆయనకు ఒక్కలు చెప్పలే. చెప్పనీకి సిగ్గు గదా. మొగిలమ్మ వచ్చి, సారూ, నీ దుర్బిణిల చూస్తె ఒంటి మీది చీర జారుతదా అని అడిగెవరకు ఆయన నోట్లె సిగరెట్ కింద పడ్డది. ముందు నవ్విండు. ఆమె నవ్వకపోవుడు చూసి ఊకున్నడు. హన్మకొండల సదువుకున్న మనిషి, ఇంట్ల అక్కచెల్లెండ్లు ఉన్నోడు. రేపు అందర్ని పిలుస్త, అందరికి అద్దం సంగతి ఇప్పి చెప్త, నీ మీద మచ్చ లేకుండ చేస్త అని మాటిచ్చిండు. మొగిలమ్మకు కొండంత ధైర్యమొచ్చింది. నిజం ఒక్కసారి బయటపడితె చాలనుకున్నది. ఆమె పిచ్చి ఆమెది.

తెల్లారి ఊరి బయటి చెలకల జనం కూడిన్రు. మొగోళ్లు ముందట, ఆడోళ్లు దూరంగ కంచె పక్కన. ఊరికి పెద్దమనిషి రాజమల్లు తుండుగుడ్డ పరుచుకొని కూసున్నడు. రాజేశ్వర్ రావు గొట్టం విప్పి ముందటి బిళ్లను చేతిల పట్టుకొని చూపెట్టిండు. ఇది నడిమిట్ల ఉబ్బి, అంచులకు పల్చగ ఉంటదన్నడు. మనిషి తల నుంచి వచ్చిన వెలుగును కిందికి మలుపుతది, కాళ్ల నుంచి వచ్చిన వెలుగును పైకి మలుపుతది, అట్ల గొట్టం లోపట బొమ్మ తలకిందులుగ పడతది. వెనుక బిళ్ల ఆ బొమ్మను పెద్దగ చేసి చూపెడతది, అంతే. దాన్ని సీద చెయ్యాలంటె నడుమ ఇంకో బిళ్ల పెట్టాలె. పెడితె వెలుగు తగ్గుతది, గొట్టం పొడుగైతది, నంబర్లు మసకైతయి. కొలిసేటోళ్లకు మనుషులతోని పనిలేదు, నంబర్లతోనె పని, అందుకని ఆ బిళ్ల పెట్టలేదన్నడు.

ఇగ జారుడు ముచ్చటకు వచ్చిండు. గొట్టంల పడేది మనిషి కాదు, మనిషి మీది వెలుగు. వెలుగుకు బరువు లేదు. బరువు లేనిది జారదు. మనిషితోని పాటు చీర, చీరతోని పాటు భూమి, అన్నీ ఒక్కతీరుగ తిరుగుతయి. బుడగ మీది చిన్న అద్దాన్ని ఊడదీసి రాజమల్లు చేతిల పెట్టిండు. కుడిచెయ్యి లేపమన్నడు. అద్దంల ఎడమ చెయ్యి లేసింది. నీ చెయ్యి ఏమన్న మారిందా పెద్దయ్యా అన్నడు. రాజమల్లు చెయ్యి దించి, అదే అద్దంల మీసం సవరిచ్చుకున్నడు.

తర్వాత అద్దాలన్నీ బిగిచ్చి, అవుతల బండి నొగకు నీళ్ల చేద ఒకటి వేలాడదీపిచ్చిండు. ఒక్కొక్కలు వచ్చి గొట్టంలకెంచి చూసిన్రు. చేద తలకిందులుగనె ఉన్నది, నీళ్లు మాత్రం చుక్క ఒలుకలే. కట్టేసిన ఎద్దు కాళ్లు ఆకాశానికి పెట్టుకొని నెమరేస్తాంది. గట్టయ్య గూడ చూసిండు, మస్తు సేపు చూసిండు. కన్ను తీసినంక ఆయన మొకంల తేట కనపడ్డది. కంచె కాన్నుంచి మొగిలమ్మ ఆ మొకమే చూస్తాంది. అయిపోయింది, గండం గడిచింది అనుకున్నది.

కని పెద్దమనుషులన్నంక అంత జల్ది ఒప్పుకుంటె పెద్దరికం ఏం గావాలె? రాజమల్లు గొంతు సవరిచ్చుకున్నడు. నీళ్లు నీళ్లే, చీర చీరనె అన్నడు. ఎద్దు చీర కడతదా? చీర కట్టిన మనిషి నడిస్తె గదా తేలేది. చుట్టున్నోళ్లు తలలూపిన్రు. మొగిలమ్మ కంచె కాన్నుంచె, నా చీర కర్రకు చుట్టి నిలబెట్టున్రి, చూసుకున్రి అన్నది. కర్ర నడుస్తదా అన్నరు. అయితె నా మొగనికి నా చీర కట్టి నడిపియ్యున్రి అన్నది. ఆడోళ్లు కొంగు నోట్లె కుక్కుకొని నవ్విన్రు. గట్టయ్య మొకం మళ్ల మాడిపోయింది.

అంత అనుమానముంటె రాజమల్లు ఇద్దరు కోడండ్లు కంచె పక్కన్నె ఉన్నరు గదా, వాళ్లల్ల ఒకదాన్ని నడిపియ్యచ్చు గదా! ఆ ఆలోచన ఎవ్వలికి రాలే. ఎందుకొస్తది? మొగిలమ్మ ఉండె గదా, ఎట్లయిన ఒకపారి చూడబడ్డ మనిషి. ఓవర్సీరు, ఇది అవసరం లేదండి అని ఒకసారి అన్నడు. గట్టిగ అనలే. గడియారం చూసుకున్నడు. పై ఆఫీసరు జీపు ఎప్పుడొస్తదో తెల్వది, పీకేసిన మేకులు ఇంకా పాతలే. ఆమెకు ఇచ్చిన మాట ఆయనకు యాదికున్నదో లేదో గని, ఇగ నోరు తెరువలే.

గట్టయ్య కంచె కాడికి వచ్చిండు. నాలుగొద్దుల తర్వాత మొదటిసారి పెండ్లాం మొకంలకు చూసి మాట్లాడిండు.

"ఒక్కసారి నడువే మొగిలీ. ఒక్కసారితోని తేలిపోతది. మనం ఎప్పటోలె ఉండచ్చు."

"నువ్వు సూసినవ్ గదా. నువ్వు నమ్ముతలేవా?"

"నేను నమ్మిన. ఊరు నమ్మాలె గదా."

గొంతుల ఎంత ప్రేమ ఉండెనో! అదే ఆమెను ముంచింది. కొట్టి నడువమంటె నడువకపోతుండె. బతిలాడిండు, కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. అత్త బక్కమ్మ గూడ చెయ్యి పట్టుకొని, నడువు బిడ్డా, పీడ పోతదన్నది. సోమక్క తన పిన్నీసులు ఊడదీసి, కుచ్చిల్లకు పెట్టుకోమని ఇచ్చింది. మొగిలమ్మ తీసుకోలే. పిన్నీసు పెట్టుకుంటె నాకే అనుమానం ఉన్నట్టయితదన్నది. ఆనాడు ఎట్ల పోయిందో అట్లనె పోవాలెనని ఎవలో ఖాళీ గంప తెచ్చి ఇచ్చిన్రు. గంప నెత్తి మీద పెట్టుకొని గట్టు ఎక్కింది.

గట్టు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. ఇంటి దిక్కు మొకం పెట్టుకొనె నడిచింది. దుర్బిణిల కుడి ఎడమలు గూడ తారుమారైతయి గదా, మొదట కన్ను పెట్టిన రాజమల్లు, ఇదేంది ఇల్లు విడిచి అటు పోతాంది అన్నడు. జనం గొల్లుమన్నరు. ఆ నవ్వు ఎందుకో గట్టు మీదున్న ఆమెకు తెల్వది. ఆగి తిరిగి చూసింది. ఆగద్దు, నడువు అని గట్టయ్య తుండుగుడ్డ ఊపిండు.

ఒక్కసారితోని ఎట్లయితది? ఒక్క గొట్టం, ఊరంత మొగోళ్లు. కొసకు పోయినప్పుడల్ల, ఇంకా చూడనోళ్లు ఉన్నరు, మళ్ల రమ్మని కేకేసిన్రు. మళ్ల వచ్చింది. మళ్ల పోయింది. ఎండ పెనం మీద కాల్చినట్టు కాలుస్తాంది. అంత దూరం నుంచి ఆమెకు మొకాలు ఆనుతలేవు. ఒకని వెనుక ఒకడు వరుస కట్టిన్రు, ఒక్కొక్కడు నడుము వంచుతాండు, ఒక కన్ను మూసుకుంటాండు, లేస్తలేడు. లేవమని వెనుకోడు భుజం గుంజుతాండు. చూసినోళ్లల్ల కొందరు చక్కర్ కొట్టి మళ్ల వరుస వెనుకకు పోయి నిలబడుతాన్రు. అండ్ల యాకయ్య ఉన్నడు. బుచ్చిరాములూ ఉన్నడు.

ఆ వరుసను సక్కగ పెడుతున్నది ఎవలనుకున్నరు? గట్టయ్య. తోసుకోకున్రి, అందరికి దొరుకుతది అంటాండు. ముసలోళ్లను చెయ్యి పట్టుకొని గొట్టం కాడికి తెస్తాండు. ఆయన గొంతు గాలికి గట్టు దాక వస్తాంది. సూసినవా కాకా, మంచిగ సూడు, ఏమన్న ఉన్నదా? సూసినవా తమ్మీ, ఉన్నదా? ఒక్కొక్కడు లేదన్నకొద్ది ఆయన గొంతు లేస్తాంది, సంబురమైతాంది. పోయిన ఇజ్జత్ పిడికెడు పిడికెడు వాపస్ వస్తాంది ఆయనకు.

ఆ గొంతు ఇనుకుంటనె మొగిలమ్మ నడిచింది. చీర జారలే. ఏనాడూ జారలే. కట్టుకున్నది కట్టుకున్నట్టె ఉన్నది, అయినా ఒంటి మీద పోగు లేనట్టయింది. బుచ్చిరాములు దొంగతనంగ చూసిన నాడు ఆమెకు తెల్వనే తెల్వది, తెల్వనిది నొప్పి పెట్టదు. ఇయ్యాల తెలుసు. వీపు మీద, పిక్కల మీద, నడుము మీద కండ్లు పాకుతాంటె ఒక్కొక్క కన్ను తెలుస్తాంది. ఏడుపొచ్చింది. ఏడిస్తె దుర్బిణిల అది గూడ పెద్దగ కనపడతదని పండ్లు కొరికి పట్టింది.

అయిపోయింది. రాజమల్లు లేచి, ఆడిమనిషి మీద మచ్చ లేదు, ఊరు నోరు మూసుకోవాలె అని తీర్పు చెప్పిండు. ఓవర్సీరు మేకులు పాతిపిచ్చుకున్నడు. గట్టయ్య ఉరికొచ్చి ఆమె నెత్తి మీది గంప దించి తన నెత్తి మీద పెట్టుకున్నడు, బాట పొడుగూత నవ్వుకుంట నడిచిండు.

ఇంటికొచ్చి కాళ్లు గడుక్కొని, బువ్వ పెట్టు మొగిలీ, నాలుగొద్దులాయె కడుపు నిండ తినక అన్నడు. మొగిలమ్మ పెట్టింది. పప్పు పోసింది, ఉల్లిగడ్డ దంచి పెట్టింది. ఎప్పటోలె కంచం నడిమిట్లకు జరిపి, నువ్వు గూడ కూసో అన్నడు. ఆమె కూసోలే. గుంజకు ఆనుకొని నిలబడి, ఆయన మొదటి బుక్క కలిపెదాక ఊకున్నది.

"బుచ్చిరాములు ఒక్కడు సూసిండని నువ్వు నా చేతి బువ్వ ముట్టలే. ఇయ్యాల ఊరంత సూసింది, నువ్వే చెయ్యి పట్టి తెచ్చి సూపిచ్చినవ్. నేను ఎవలి చేతి బువ్వ ముట్టద్దో నువ్వే చెప్పు."

గట్టయ్య చెయ్యి కంచంలనె ఆగింది. మచ్చ పోయిందిగదనె అన్నడు. ఎవలి మచ్చ అని ఆమె అడిగింది. గట్టయ్య బుక్క నోట్లె పెట్టుకున్నడు.

మొగిలమ్మ తల్లిగారింటికి పోలే. ఎందుకు పోవాలె? ఆ ఇంటి మన్ను మోసింది ఆమె, గోడలు అలికింది ఆమె. వాకిట్ల మూడు రాళ్లు పెట్టుకొని పొయ్యి వేరు చేసుకున్నది. తన కూలి గింజలు తనె వండుకొని తిన్నది. బక్కమ్మ ఉన్నన్నాళ్లు కొడుక్కు లోపటి పొయ్యి మీద వండి పెట్టింది, ఆమె సచ్చిపోయినంక గట్టయ్యనె వండుకున్నడు. ఒక్క కప్పు కింద రెండు పొయ్యిలు. చేన్ల పని ఇద్దరు కలిసె చేసిన్రు, జ్వరమొస్తె ఒకలకొకలు నీళ్లు కాచి ఇచ్చుకున్నరు. కంచం మాత్రం కలువలే. ఊరోళ్లు మొదట్ల ఇదేం పంతమన్నరు. తీర్పు ఆమె దిక్కే వచ్చింది గదా, ఇంకేం కావాలె అన్నరు. తర్వాత అలవాటు పడి ఊకున్నరు.

మండలాలు వచ్చిన యేడు, అంటె ఎనిమిదేండ్లకు, కాలువోళ్లు మళ్ల వచ్చిన్రు. పాత మేకులు ఎప్పుడో పుచ్చిపోయినయి, మళ్ల మొదటికెంచి కొలవాలట. ఈసారి వేరే ఓవర్సీరు, పడుచు పిలగాడు. దుర్బిణి గూడ కొత్తది, పొట్టిగ ఉన్నది, బూడిద రంగుది. ఊర్ల మొగోళ్లు మళ్ల వరుస కట్టి చూసిన్రు. గట్టయ్య ఆ దిక్కు పోలే. గడ్డిమోపు ఎత్తుకొని ఇంటికొస్తాంటె బుచ్చిరాములు బాటల ఆపి చెప్పిండు. దీంట్ల నడుమ ఏందో తిప్పి పెట్టిన్రట బావా, మనుషులు సీదగనె కనపడుతాన్రు, కర్ర మీద నంబర్లు గూడ సీదగనె రాసిన్రు అన్నడు.

గట్టయ్యకు అది మంచి కబురు అనిపిచ్చింది. అప్పటికి ఆయన గడ్డం నెరిసింది, ఒక్కని వంటకు చేతులు కాలి మచ్చలు పడ్డయి. మోపు దించి, వాకిట్ల పొయ్యి ఊదుతున్న మొగిలమ్మ కాడికి వచ్చి గొంతుక్కూసున్నడు. అన్నేండ్ల సంది పెట్టుకున్న బరువు దించుతున్నట్టు, ఆ దుర్బిణి పోయిందట మొగిలీ, ఇప్పుడొచ్చిన దాంట్ల మనుషులు తలకిందులు గారట, సీదగనె కనపడుతాన్రట అని చెప్పిండు. చెప్పి ఆమె దిక్కు చూసిండు.

మొగిలమ్మ ఊదుగొట్టం పక్కకు పెట్టింది. పొగకు కండ్లు తుడుచుకున్నది.

"మంచిగైంది," అన్నది. "అద్దమన్న మారింది."

ఆయన ఇంకా అక్కడ్నె కూసున్నడు. ఆమె తన ఒక్కదానికి సరిపోను బియ్యం కడిగి ఎసట్ల పోసింది.